తీరగ్రామమున శాస్త్రసభ

ఒక దేశమున శాస్త్రవిజ్ఞానము ఎంత వృద్ధి గాంచినదో తెలిసికొనుటకు అచటి పరిశోధనాలయములను లెక్కించుట సామాన్యముగా జరుగుచున్న పని. మా యభిప్రాయమున నింకొక కొలమానము కలదు. ఆ పరిశోధనాలయములలో నేమి జరుగుచున్నదో ప్రక్క వీథిలోని దుకాణదారునకు, రేవులోని పడవవానికి, బడికి పోవు బాలికకు ఎవరైనను చెప్పుచున్నారా, చెప్పినపుడు వారు తిరిగి ప్రశ్నింపగలుగుచున్నారా యను దానినిబట్టి ఆ విజ్ఞానము ప్రజలదో, కొందరు పండితులదో తేలును. ఈ కొలమానముతో పరీక్షింపదగిన గ్రామ మొకటి అమెరికా సంయుక్తరాష్ట్రములలో, అట్లాంటిక్ మహాసముద్రతీరమున నున్నది. దాని పేరు వుడ్స్ హోల్. అచట నూటముప్పది యేండ్లకు పైబడి వాడుకలో నున్న బహిరంగోపన్యాసములను, సభలను, ఉత్సవములను గూర్చియు, వానివలన మనము గ్రహింపవలసిన దానిని గూర్చియు మా పాఠకులకు విన్నవింపదలచితిమి.

గ్రామస్వరూపము

మసాచుసెట్స్ రాష్ట్రమున సముద్రములోనికి చాచిన మోచేతివలె వంగియున్న కేప్ కాడ్ ద్వీపకల్పమునకు నైరృతి మూలను, ఫాల్మత్ పట్టణపు పరిధిలో ఈ గ్రామము కలదు. 'హోల్' అను మాటకు ఇచట రంధ్రమని యర్థము కాదు. గ్రామమునకును ప్రక్కనున్న దీవులకును నడుమ మిక్కిలి వడిగా నీరు పారు ఇరుకైన జలసంధికి అచటివారు పెట్టుకొనిన పేరది. స్థిరనివాసులు వేయిమందికి మించరు. వేసవిలో మాత్రము శాస్త్రజ్ఞులు, విద్యార్థులు, మార్తాస్ విన్‌యార్డ్ అను దీవికి ఓడనెక్కవచ్చిన యాత్రికులు చేరి వీథులు క్రిక్కిరిసిపోవును. ఊరి నడుమ ఈల్ పాండ్ అను చిన్న ఉప్పునీటి కొలను, దాని ముఖమున పడవలు పోవునపుడు పైకెత్తబడు వంతెన, ఆ చుట్టుప్రక్కల పరిశోధనాలయములు, ప్రార్థనామందిరములు, కొన్ని అంగళ్ళు, ఊరివారి సభామందిరము - ఇంతియే గ్రామము.

శాస్త్రము రాకపూర్వ మీ యూరి చరిత్ర యంత సుగంధవంతమైనది కాదు. వాంపనోగ్ తెగవారు తరతరములుగ చేపలు పట్టుకొనిన తీరమున తెల్లవారు స్థిరపడి, తిమింగిలములను వేటాడిరి. ఆ వేట సన్నగిల్లిన పిమ్మట 1863లో పసిఫిక్ గ్వానో కంపెనీ యనునది వచ్చి, దూరద్వీపములనుండి పక్షుల రెట్టను ఓడలపై దెప్పించి, చేపలపొట్టుతో గలిపి, పొలముల కెరువుగ నమ్మినది. 1889లో ఆ కంపెనీ దివాలా తీసినది. ఆ దుర్గంధము వదలిన తరువాతనే ధనికుల వేసవిభవనము లచట వెలసినవి. అప్పటికే వేరొక వృత్తివారు గ్రామమున కాలు మోపియుండిరి.

తగవుతో బుట్టిన శాస్త్రము

1871లో స్పెన్సర్ బెయిర్డ్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు సంయుక్తరాష్ట్రముల ప్రప్రథమ మత్స్యాధికారిగ నియమితుడై వుడ్స్ హోల్ చేరెను. ఆయనను రప్పించినది శాస్త్రకుతూహల మొక్కటియే కాదు, పల్లెకారుల తగవు. గాలములతో పట్టువారు, తీరమున దొడ్లవలె వలలు పాతి పట్టువారు నొకరినొకరు నిందించుకొనుచుండిరి. చేపలు తరుగుచున్నవని, తరుగుటకు పెద్దవలలే కారణమని గాలమువారు; కాదు, సముద్రమున చేపలకు కొదువ లేదని వలవారు. బెయిర్డ్ నీటిని, చేపలను పరీక్షించుటతో నూరకుండక, ఇరువాగులవారిని పిలిపించి ప్రశ్నించి, వారి వాఙ్మూలములను తన నివేదికలో అచ్చొత్తించెను. చదువురాని జాలరి చెప్పిన మాటయు ప్రభుత్వగ్రంథమున నెక్కినది. సముద్రశాస్త్ర మీ గ్రామమున ఉపన్యాసముతో గాక, వినుటతో నారంభమైనదని మా పాఠకులు గమనింపవలెను. తరువాత జరిగిన మంచిచెడ్డలనన్నిటిని ఈ యొక్క విషయముతో సరిచూచుకొనవచ్చును.

1885 నాటికి మత్స్యశాఖకు శాశ్వతభవనము సిద్ధమైనది. అందు ప్రజలు సముద్రజీవులను కన్నులార చూచుటకు అద్దపుతొట్ల ప్రదర్శనశాల నేర్పరచిరి. అమెరికాలో ప్రజల కొరకు వెలసిన సముద్రజీవి ప్రదర్శనశాలలలో నిది మిక్కిలి ప్రాచీనమైనదని ప్రసిద్ధి. బెయిర్డ్ 1887లో ఆ గ్రామముననే కన్నుమూసెను.

శుక్రవారపు సాయంకాలము

మరుసటి సంవత్సరము, అనగా 1888లో, సముద్రజీవశాస్త్ర పరిశోధనాలయము స్థాపితమైనది. బాస్టన్ నగరపు మహిళావిద్యాసంఘము దాని స్థాపనకు ముఖ్యముగా దోడ్పడినది. కావున పురుషులతోపాటు స్త్రీలును, కళాశాలాచార్యులతోపాటు పాఠశాలల ఉపాధ్యాయినులును మొదటి వేసవినుండియే అందు చదువుకొనిరి. ప్రథమాధ్యక్షుడు ఛార్లెస్ ఓటిస్ విట్మన్. ఒకే కప్పుక్రింద పరిశోధనయు బోధనయు సాగవలెననియు, వేర్వేరు శాఖలవారు ఒకరి పని నొకరు తెలిసికొనవలెననియు ఆయన సిద్ధాంతము.

ఆ సిద్ధాంతమునుండియే 1890లో సాయంకాలోపన్యాసములు బుట్టినవి. పగలెల్ల సూక్ష్మదర్శినులపై వంగి పనిచేసినవారు, చీకటి పడగానే ఒకచో చేరి, ఎవరో యొకరు తన పనిని అన్యశాఖల వారికిని బోధపడు మాటలలో వివరింపగ వినుచుండిరి. ఆ యుపన్యాసములు గ్రంథములుగ నచ్చువడినవి. ఆచార మట్లే స్థిరపడి, నేటికిని వేసవికాలమున శుక్రవారపు సాయంకాలములందు ఈ సభలు జరుగుచున్నవి. ప్రవేశమునకు రుసుము లేదు. 1925లో నిర్మితమైన లిల్లీ భవనములోని సభాశాలకు కార్నీలియా క్లాప్ అను విదుషి పేరు పెట్టిరి. ఆమె తొలి వేసవి నచట చదువుకొన వచ్చిన స్త్రీలలో నొకతె.

ఈ సభలలో ఊరివారికి కలుగు లాభ మేమని యడుగువారుందురు. వారి వలలో బడు జీవులే ప్రపంచశాస్త్రమునకు మూలధనమైనవని వారికి తెలియుట మొదటి లాభము. ఎరకు తప్ప కొరగాదని జాలరులు చులకనగా చూచిన స్క్విడ్ అను జీవికి మిక్కిలి లావైన నాడీతంతువు కలదు. మన శరీరమున నాడులు వార్త నెట్లు మోయునో తెలిసికొనుటకు 1930-40 ప్రాంతమున వుడ్స్ హోల్‌లోను, ఇంగ్లండు దేశపు ప్లిమత్‌లోను ఆ తంతువుపై పరిశోధనలు చేసిరి. ఇసుకలో ప్రాకు గుర్రపుడెక్క పీత కంటిని పరీక్షించి, దృష్టి యెట్లు కలుగునో చూపిన కెఫర్ హార్ట్‌లైన్ 1967లో నోబెల్ బహుమానమున భాగము పొందెను. టిమ్ హంట్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు 1982 వేసవిలో పాఠము చెప్ప వచ్చి, సీ అర్చిన్ అను ముండ్లజీవి గ్రుడ్లలో కణవిభజనను నడపు పదార్థమును కనుగొని, 2001లో ఆ బహుమానమున భాగస్వామి యయ్యెను. కణములు హద్దుమీరి విభజింపబడుటయే పుట్టకురుపు వ్యాధి గనుక, ఆ ముండ్లజీవి గ్రుడ్డునకును మన యిండ్లలోని రోగికిని సంబంధము కలదు. ఇట్టి సంబంధములను చెప్పువారు లేనిచో ఎవ్వరికిని తోపవు.

రెండవ లాభము వదంతులకు అడ్డుకట్ట పడుట. 1899లో జాక్ లోబ్ అను శాస్త్రజ్ఞుడు వుడ్స్ హోల్‌లో సముద్రజలపు లవణములను మార్చి, బీజసంపర్కము లేకయే సీ అర్చిన్ గ్రుడ్లు పెరుగునట్లు చేసెను. అది గొప్ప ప్రయోగమే. కాని పత్రికలు కొన్ని యాతడు ప్రాణమునే సృష్టించెనని చాటినవి, జనులు నివ్వెరపోయిరి. జరిగిన దింత, జరుగని దింత యని నోరార చెప్పి, ప్రశ్నలకు బదులిచ్చు వేదిక యుండుటయే ఇట్టి వదంతులకు విరుగుడు. మేము పత్రికావృత్తియందున్న వారము గనుక ఈ నీతి మాకును వర్తించును.

ఊరి యుత్సవములు

ఉపన్యాసములు పెద్దలకు. పిల్లల కొరకు 1913లో వేసవి శాస్త్రపాఠశాల నొకదానిని తెరచిరి. దానిని స్థాపించినవారిలో వంశపారంపర్యశాస్త్రమున ప్రసిద్ధుడైన మోర్గన్ పండితుని భార్యయు, స్వయముగ శాస్త్రజ్ఞురాలునైన లిలియన్ మోర్గన్ ముఖ్యురాలు. పిల్లలు తొట్లు, వలలు చేతబట్టి నీటిలో దిగి, ప్రాణులను తామే వెదకి, తామే గుర్తించి, మరల నీటిలో విడువవలెను. పుస్తకము చూచి జీవిని నేర్చుకొనుట కాక, జీవిని చూచి పుస్తకము విప్పుట అచటి పద్ధతి. నూరేండ్లు దాటినను ఆ బడి మూతపడలేదు.

ఈల్ పాండ్ గట్టున 1929లో కట్టిన రాతి ఘంటాగోపుర మొకటి కలదు. అందలి రెండు గంటలకు మెండెల్, పాశ్చర్ అని శాస్త్రజ్ఞుల పేర్లు పెట్టిరి. దానిని కట్టించిన ఫ్రాన్సెస్ లిల్లీ అను నామె క్రైస్తవభక్తురాలు. పరిశోధనాలయాధ్యక్షుడైన ఫ్రాంక్ లిల్లీకి భార్య. భక్తియు విజ్ఞానము నొకే గంటలో మ్రోగుట తగునా యని వాదించువారు వాదింపవచ్చును. దినదినము ఆ గంట విని పనికి పోవువారికి మాత్ర మా పేరులు పరాయివి కావు. ప్రతి సంవత్సరము జులై 4వ తేదీని అమెరికనుల స్వాతంత్ర్యదినోత్సవమున పరిశోధనాలయపు విద్యార్థులు తాము చదువు జీవులవలె, కణములవలె వేషములు ధరించి ఊరేగుదురు. మన పగటివేషములు చూచినవారి కిది వింత కాదు. 1973లో ఆరంభమైన ఏడుమైళ్ళ పరుగుపందెము వుడ్స్ హోల్‌నుండియే బయలుదేరును. 1991నుండి చలనచిత్రోత్సవము నొకటి జరుపుచున్నారు. రేవు చెంతనున్న ఉద్యానమున సముద్రమువైపు చూచుచు గూర్చున్న రేచెల్ కార్సన్ విగ్రహమును 2013లో నిలిపిరి. ఆమె 1929లో విద్యార్థినిగ నచటికి వచ్చి, సముద్రముతో సన్నిహితపరిచయము కలిగించుకొని, 1951లో సముద్రమును గూర్చియు, 1962లో పురుగుమందుల విషమును గూర్చియు లక్షలమంది చదువునట్టి గ్రంథములు వ్రాసినది. శాస్త్రమును సామాన్యుని భాషలో జెప్పుట తక్కువపని కాదని ఆ విగ్రహము చూచువారికి తెలియును.

1930లో వుడ్స్ హోల్ సముద్రశాస్త్ర సంస్థయు స్థాపితమైనది. జీవుల నుండి దృష్టి సముద్రముపైకే మరలినది. ఆ సంస్థవారి ఆల్విన్ అను చిన్న జలాంతర్నౌక 1964నుండి సముద్రగర్భమునకు మనుజులను గొనిపోవుచున్నది. 1977లో పసిఫిక్ అడుగున సూర్యరశ్మి సోకని చోట వేడినీటి బుగ్గలను, వానిచుట్టు బ్రదుకు వింతజీవులను చూచిరి. 1985లో ఆ సంస్థవారు ఫ్రెంచివారితో గలిసి మునిగిన టైటానిక్ ఓడను కనుగొనిరి. ఇట్టి యాత్రలనుండి మరలివచ్చినవారు తాము చూచినదానిని ఊరివారికి చెప్పుట అచట వాడుక.

చీకటి కోణము

ఇంతవరకు చెప్పినదానివలన వుడ్స్ హోల్ నొక పుణ్యక్షేత్రముగ మా పాఠకులు భావింపరాదు. ఎర్నెస్ట్ ఎవరెట్ జస్ట్ అను నీగ్రోజాతి పండితుడు 1909నుండి ఇరువది వేసవు లచట గడపెను. సముద్రజీవుల గ్రుడ్లను చెడకుండ పోషించి పరీక్షించుటలో నాతనికి సాటివచ్చువారరుదు. తెల్లజాతి పండితులు సయితము ఆతని సలహా గోరుచుండిరి. ఐనను పెద్ద విశ్వవిద్యాలయములలో నాతనికి స్థానము లభింపలేదు. గ్రామమునను వర్ణద్వేష మాతని వెన్నంటి వచ్చినది. 1930 తరువాత నాతడు ఐరోపాకు మరలి, తన ప్రధానగ్రంథమును 1939లో ప్రకటించి, 1941లో గతించెను. తలుపులు తెరచియుంచినంతమాత్రమున సభ యందరిదని చెప్ప వీలులేదు. లోపల గూర్చున్నవారిలో నెవరిని సమానులుగ జూచుచున్నారో యదియే ప్రధానము. అంటరానితనము నెరిగిన మన దేశమునకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

ప్రశ్నించిన జాలరి

సభల విలువ ఉత్సవదినములలో గాక, వివాదదినములలో తేలును. ఇందుల కిటీవలి యుదాహరణములు రెండు.

వుడ్స్ హోల్‌లోని ప్రభుత్వ మత్స్యశాస్త్రజ్ఞులు 1963నుండి ఏటేట ఓడపై వలలాగి, సముద్రమున నేజాతి చేప యెంతయున్నదో అంచనా వేయుచున్నారు. ఆ యంచనాలపై ఆధారపడియే ప్రభుత్వము వేటకు హద్దులు నిర్ణయించును. 1994 డిసెంబరులో జార్జెస్ బాంక్ అను ప్రసిద్ధ మత్స్యక్షేత్రమున విశాలభాగములను మూసివేసినపుడు వేలాది కుటుంబముల జీవనము కుంటువడినది. 2002లో ప్రభుత్వపు ఓడ ఆల్బట్రాస్ నాలుగవది వలలాగు రెండు ఉక్కుత్రాళ్ళ కొలతగుర్తులు సమానముగ లేవని బయటపడినది. ఒక త్రాడు పొడుగు, ఒకటి పొట్టి యైనచో వల వంకరగా పోవును. వల వంకరైనచో లెక్కయు వంకరయే యని జాలరులు వాదించిరి. వలపనిలో పుట్టి పెరిగినవారు గనుక అది వారికి శాస్త్రజ్ఞులకంటె ముందుగ బోధపడినది. అదే సంవత్సరము వుడ్స్ హోల్‌లో సభ జరిపి, జాలరులను, బయటి నిపుణులను గూర్చుండబెట్టి, లెక్కలను మరల పరిశీలించిరి. మొత్తపు టంచనాలు పెద్దగా తారుమారు కాలేదని తేలినను, చెదరిన నమ్మకము మాటలతో కుదురలేదు. జాలరులు, శాస్త్రజ్ఞులు కలిసిన సలహాసంఘ మొకటి ఏర్పడి, క్రొత్తవలను కలిసి రూపొందించినది; 2009నుండి హెన్రీ బిగెలో అను క్రొత్త ఓడపై దానిని వాడుచున్నారు. 1871లో బెయిర్డ్ చేసినది నూటముప్పది యేండ్లకు మరల చేయవలసి వచ్చినదన్న మాట.

రెండవది. గాలిలో పెరుగుచున్న బొగ్గుపులుసుగాలిని సముద్రము మరికొంత పీల్చుకొనునట్లు చేయుటకు నీటిలో కాస్టిక్ సోడా ద్రావకమును కలిపి పరీక్షింపవలెనని సముద్రశాస్త్రసంస్థవారు ప్రతిపాదించిరి. ఈ సోడా సబ్బుల తయారీలో వాడునదే. సముద్రమున దేనినైన విడుచుటకు కేంద్రప్రభుత్వపు పర్యావరణశాఖ యనుమతి కావలెను; ఆ శాఖ ప్రజాభిప్రాయమును కోరినది. చేపపిల్లలకు, గ్రుడ్లకు, లాబ్‌స్టరులకు హాని కలుగునేమో యని మత్స్యకారులు తీవ్రముగ నాక్షేపించిరి. 2024లో మార్తాస్ విన్‌యార్డ్ సమీపమున జరుగవలసిన ప్రయోగము జరుగలేదు. 2025 ఆగస్టులో మెయిన్ సింధుశాఖలో, అనుమతిపత్రమున విధించిన నియమములకు లోబడి, ప్రయోగము జరిగినది. అది మంచిదా చెడ్డదా యని మేమిచట తీర్పు చెప్పబోము. సముద్రమున చేయి పెట్టబోవువారు సముద్రముపై బ్రదుకువారియెదుట నిలువబడి, ఎంత పోయుదుము, ఎచట పోయుదుము, హాని కనబడిన నేమి చేయుదుమని సమాధానము చెప్పవలసి వచ్చినది. అదియే గమనింపదగినది. శుక్రవారపు సభలలో నూరేండ్లు వినుటకు, అడుగుటకు అలవాటుపడిన ప్రాంతమున ఇట్టి విచారణ సులభము కాకపోయినను సాధ్యమైనది.

బంగాళాఖాతమునకు సంబంధము

ఎచటనో అట్లాంటిక్ తీరపు గ్రామముతో మనకేమి పని యనరాదు. 1959నుండి 1965వరకు సాగిన అంతర్జాతీయ హిందూమహాసముద్ర పరిశోధనయాత్రలో వుడ్స్ హోల్ ఓడ అట్లాంటిస్ రెండవది మన సముద్రములకు వచ్చినది. 2014 డిసెంబరులో ఆ సంస్థవారు భారతీయశాస్త్రజ్ఞులతో గలిసి బంగాళాఖాతపు ఉత్తరభాగమున లంగరుతో నిలిపిన తేలుడుయంత్ర మొకటి ఏడాదికి పైగా గాలిని, వేడిమిని, ఉప్పదనమును కొలిచినది. గంగా బ్రహ్మపుత్రలు, మన గోదావరీ కృష్ణలు తెచ్చి పోయు మంచినీరు ఉప్పునీటికంటె తేలికగాన పైపొరగ నిలుచును. ఆ పలుచని పొర క్రింది నీటితో త్వరగ కలియక, ఎండవేడిమిని పైననే పట్టియుంచును. వానకాలపు పోకడకును, తుపానుల బలమునకును దీనితో సంబంధము కలదు. మన పొలముల కాలువలలో పారి పోయిన నీరే సముద్రమున జేరి, మరల వానగనో, గాలివానగనో మన మీదికి వచ్చుచున్నదని చెప్పు నీ కథ, మా పాఠకులైన రైతులలో నెందరి చెవిని బడినది?

తెలుగుతీరము సుమారు వేయి కిలోమీటర్లు. విశాఖపట్టణమున ఆంధ్రవిశ్వకళాపరిషత్తు 1950 తరువాతి తొలియేండ్లలోనే అమెరికా పండితుడు యూజీన్ లా ఫాండ్ తోడ్పాటుతో సముద్రశాస్త్రబోధన నారంభించినది. జాతీయ సముద్రశాస్త్రసంస్థకును, కేంద్ర సముద్రమత్స్య పరిశోధనసంస్థకును ఆ నగరమున శాఖలు కలవు. హైదరాబాదున 1999లో ఏర్పడిన జాతీయ సముద్రసమాచార సేవాకేంద్రము చేపలు దొరకు తావులను, అలల తీవ్రతను మత్స్యకారులకు తెలుగునను తెలుపుచున్నది. 2007నుండి సునామీ హెచ్చరికకేంద్రము నచటనే నడపుచున్నారు. ఈ పనులు కొనియాడదగినవి. కాని హెచ్చరిక యొకటి, సంభాషణ యొకటి. 'రేపు వేటకు పోవలదు' అని చెప్పుట హెచ్చరిక. 'ఏల పోరాదు? మీకెట్లు తెలిసినది? నిన్న మీరు చెప్పినది తప్పైనదే!' అని పడవపెద్ద అడుగుటకును, దానికి శాస్త్రజ్ఞుడు నిలిచి బదులు చెప్పుటకును చోటున్నపుడే సంభాషణ.

ఆ చోటు లేకపోవుటవలన కలిగిన నష్టము మనకు క్రొత్తది కాదు. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలమంది ప్రాంతమున మడసిరి. ఉప్పెన యననేమో, గాలికిని సముద్రపుపొంగునకును గల సంబంధమేమో ముందే యెరిగిన పల్లె, హెచ్చరిక వచ్చినపుడు త్వరగ కదలును. తరువాత వరిచేలు రొయ్యలచెరువులైన కాలమున, 1994-95లో తెల్లమచ్చల తెగులు మన తీరమునెల్ల పీడించి, ఎందరో భూస్వాములను అప్పులపాలు చేసినది. నీటిలో రోగము చెరువునుండి చెరువునకు, కాలువద్వారా ఊరినుండి ఊరికి ఎట్లు ప్రాకునో గుంపుగ గూర్చుండి వినియున్నచో, ప్రక్కవాని చెరువునీటిని తన చెరువులోనికి వదలుకొనుటకు ముందు కొందరైనను ఆలోచించియుందురు. సముద్రజ్ఞానము పల్లెకారులకే గాక, భూమిగలవారికిని ఆస్తిని కాపాడు విషయమని దీనివలన తేలుచున్నది.

మన కర్తవ్యము

మన భాషలో శాస్త్రము చెప్పుట సాధ్యముగాదను మాటను మేమంగీకరింపము. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు స్థాపించిన విజ్ఞానచంద్రికామండలి చరిత్రతోపాటు ప్రకృతిశాస్త్రములనుగూడ తెలుగున ప్రకటించినది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘము వెలసినది. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి కొల్లూరుల నడుమ కాలువలో పడవపై గ్రంథాలయమును నడపిరి. పుస్తకమును నీటిమీద ఊరూరికి చేర్చినజాతి, నీటినిగూర్చిన జ్ఞానమును ఊరూరికి చేర్పజాలదా? మన పల్లెకారులకు గాలిపేరులు వేరు, నీటిపోకడల పేరులు వేరు, చేపపేరులు వేరు కలవు. ఆ మాటల ముం దాంగ్లపదముల పేదరికమే కనబడును. కొరతయున్నది భాషలో కాదు. ఆ మాటలను వినుటకు పండితుడు పల్లెకు పోకుండుటలో కలదు.

పల్లెవారి కిట్టి సభలపై నాసక్తి యుండదని కొందరందురు. రాత్రి తెల్లవార్లు హరికథ విన్నవారికి, తమ బ్రదుకునకు సంబంధించిన గంటసేపటి మాట వినుట కష్టము కాదు. వారికి తెలియని భాషలో, వారు గూర్చుండుటకు వెనుకాడు భవనములలో, వారు వేటకు పోవు వేళలలో సభలు పెట్టి, రాలేదని నిందించుట న్యాయము కాదు.

కావున మేము సూచించునది పెద్దయెత్తు పథకము కాదు. భీమునిపట్టణము, విశాఖపట్టణము, కాకినాడ, అంతర్వేది, మచిలీపట్టణము, నిజాంపట్టణము, కృష్ణపట్టణము - ఈ రేవులలో నెలకొక్క సాయంకాలము, వేట లేని దినమున, ప్రజాధనముతో పరిశోధన చేయుచున్నవారిలో నొకరు వచ్చి తెలుగున మాటలాడవలెను. మాట సగము, ప్రశ్నలు సగము. ఏ ప్రశ్నకు సమాధానము దొరకలేదో దానిని వ్రాసికొని పోయి, మరుసటి నెల బదులు తేవలెను. పల్లెపెద్దల వాఙ్మూలములను బెయిర్డ్ చేసినట్లు అచ్చొత్తింపవలెను. వలలు, ఓడలు, చేపల లెక్కలు వారికి జూపి, తప్పులు పట్టుమనవలెను. బడిపిల్లలను ఆదివారము తీరమునకు గొనిపోయి, పీతను, గవ్వను, నీటిబొట్టును చూపింపవలెను. స్త్రీలకు, ముఖ్యముగ చేపల నెండబెట్టి యమ్ముకొను వనితలకు, ముందువరుసలో చోటీయవలెను. గ్రంథాలయము గల ఊళ్ళలో గ్రంథాలయము, లేనిచోట బడి, అదియు లేనిచోట రామాలయపు మండపము చాలును. భూస్వాములు దీపమునకును, ప్రయాణపువ్యయమునకును కొంత యిచ్చిన సరిపోవును. పట్టణములోని వకీళ్ళు, వైద్యులు, ఉపాధ్యాయులు సభానిర్వహణమునకు పూనుకొనవచ్చును.

వుడ్స్ హోల్ గొప్పతనము అచటి యోడలలో, బహుమానములలో నున్నదని మేమనుకొనము. ఓడలు ధనముతో వచ్చును. బహుమానము లొక్కొక్కప్పుడు అదృష్టముతోను వచ్చును. తప్పు పట్టిన జాలరి మాటను ప్రభుత్వము త్రోసిపుచ్చలేని స్థితి మాత్రము దీర్ఘాభ్యాసముతోనే వచ్చును. అచటను అది సంపూర్ణముగ రాలేదని జస్ట్ పండితుని చరిత్ర చెప్పుచున్నది. స్వరాజ్యమనగా పన్నులు కట్టి యోట్లు వేయుట మాత్రమే కాదు. మన పన్నులతో సంపాదించిన జ్ఞానమును మన భాషలో అడిగి తెలిసికొను హక్కుకూడ అందు చేరియున్నది. ఆ హక్కును మొదట నే రేవులోని ప్రజలు వినియోగించుకొందురో, ఆ రేవునకు మా పత్రిక పుట లెప్పుడును తెరచియుండును.